కోరంగి అంటే పడవ షికారేనా?

సంపాదకుడు గారికి,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో 'మనకు తెలియని మన చరిత్ర' శీర్షిక కింద వచ్చిన అరపేజీ చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆలస్యం నాదే. కోపంలో రాసిన మొదటి ఉత్తరం మా ఆవిడ చదివి, "ఇది పంపితే వాళ్ళు వేయరు, వేస్తే మీకే తలవంపులు" అని చింపేసింది. ఇది కాస్త చల్లారాక రాసింది.

ఆ అరపేజీలో సగం ఫొటోయే. మడ చెట్ల మధ్య పడవ, అందులో లైఫ్ జాకెట్లు వేసుకుని నవ్వుతున్న ఒక కుటుంబం. ఫొటో కింద మా కాకినాడ దగ్గరి కోరంగి గురించి రాసిన వాక్యాలు లెక్కపెట్టాను. మొత్తం 11. అందులో ఎనిమిది పడవ షికారుకీ, ఏ టైముకి వెళ్తే ఎండ తగలదన్న సలహాకీ పోయాయి. రెండు పక్షుల గురించి. పక్షులంటే నాకూ ఇష్టమే, కాదనను. ఇక మిగిలిన ఒక్క వాక్యమే చరిత్ర: ఒకప్పుడు ఓడరేవైన కోరంగి 1839లో మూడు పెనుకెరటాలకు తుడిచిపెట్టుకుపోయిందట. చరిత్ర శీర్షికలో చరిత్ర ఒక్క వాక్యం, ఆ ఒక్కటీ తప్పు!

మూడు కెరటాలు వచ్చింది 1839లో కాదండీ, 1789 డిసెంబరులో. యాభై ఏళ్ళ తేడా. సోషల్ పేపరు దిద్దుతూ రిటైరైనవాణ్ణి, పిల్లలు ఇలా రాస్తే సగం మార్కులు కోసేవాణ్ణి. ఆనాడు జరిగింది చూసినవాళ్ళు చెప్పగా రాసిపెట్టిన వర్ణన ఉంది. సముద్రం మీద దూరాన ఒకదాని వెనుక ఒకటిగా మూడు కెరటాలు లేచాయి. మొదటిది వచ్చి ఊళ్ళో కొన్ని అడుగుల లోతు నీళ్ళు నింపింది. రెండోది చుట్టుపక్కల పల్లపు భూములన్నీ ముంచింది. మూడోది వచ్చేసరికి ఇక ముంచడానికి ఏమీ మిగల్లేదు. రేవులో ఉన్న ఓడలు పొలాల్లోకి కొట్టుకొచ్చాయి. 20 వేలమంది దాకా పోయారని అంచనా. 1839 నవంబరులో వచ్చింది ఇంకో ఉప్పెన. అందులో మూడు లక్షలమంది, 20 వేల పడవలు పోయాయన్న అంకె ఒకటి ఎవరూ తరచి చూడకుండానే ఊరూరా తిరుగుతోంది. అంత ప్రాణనష్టం జరగాలంటే ముందు ఆ తీరంలో అంతమంది ఉండాలి కదా! మీరు ఆ అంకె వేయలేదు, అందుకు మాత్రం ధన్యవాదాలు.

ఇక 'తుడిచిపెట్టుకుపోయింది' అన్న మాట. ఎక్కడ ఏ పాత ఊరి గురించి రాసినా పత్రికలకు ఒక్క రాత్రిలో అంతమైపోవాలి, లేకపోతే కథ రక్తి కట్టదు. 1789లో అంత దెబ్బ తిన్నాక కూడా 1802 ప్రాంతంలో కోరంగిలో ఓడల మరమ్మతుకు డాక్ కట్టారు. ఇంగ్లండు రాజు నౌకాదళం ఓడలు అక్కడికొచ్చి బాగు చేయించుకున్నాయి. తుడిచిపెట్టుకుపోయిన ఊళ్ళో డాక్ ఎవరు కడతారండీ? కోరంగిని చివరికి చంపింది ఇసుక. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు ఏటికేడు పేరుకుని పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి, వ్యాపారం మెల్లగా కాకినాడకు మళ్ళింది. ఆ గోదావరి ఇసుకే మరోచోట మేటవేసి హోప్ ఐలండ్ అయింది, ఇవాళ కాకినాడకు సముద్రపు పోటు నేరుగా తగలకుండా అడ్డుపడుతోంది. ఇది నాకు ఉప్పెన కంటే పెద్ద కథలా కనిపిస్తుంది. కాకపోతే ఫొటో రాదు.

మీ రచయిత కనీసం పిడింగ్టన్ పేరైనా ఎత్తుతారని ఎదురుచూశాను. హెన్రీ పిడింగ్టన్ ఓడ కెప్టెనుగా పనిచేసి కలకత్తాలో స్థిరపడ్డ ఇంగ్లీషువాడు. తుపాన్లలో చిక్కుకుని బతికి బయటపడ్డ ఓడల లాగ్‌బుక్కులు ముందేసుకుని, గాలి ఏ గంటకు ఏ వైపు నుంచి కొట్టిందో ఒక్కొక్కటీ సరిపోల్చి చూశాడు. తుపాను అంటే తిన్నగా వీచే గాలి కాదని, పాము చుట్ట చుట్టుకున్నట్టు గుండ్రంగా తిరుగుతుందని, దానికి గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అని పేరు కట్టాడు. 1840ల నాటి మాట ఇది. అతను పరిశీలించిన తుపాన్లలో మన 1789 కోరంగి ఉప్పెన ఒకటి. ప్రపంచమంతా వాడే మాట వెనుక మన ఊరి చావులున్నాయి. అది మీ అరపేజీలో పట్టలేదు, లైఫ్ జాకెట్లు పట్టాయి.

ఆ పెద్దమనిషి కథ మన అధికారులకు ఏటా వర్షాకాలం ముందు చదివి వినిపించాలి. కలకత్తాకు దిగువన మాత్లా నది మీద కొత్త రేవు కడదామని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అక్కడ కట్టొద్దు, ఉప్పెన వస్తే మునిగిపోతుందని 1853లో ఏకంగా గవర్నర్ జనరల్ డల్హౌసీకే ఉత్తరం రాశాడు. ఎవరు విన్నారు? రేవు కట్టారు, క్యానింగ్ అని పేరు పెట్టారు. 1867లో తుపాను వచ్చి దాని పని పట్టింది. అప్పటికి పిడింగ్టన్ పోయి తొమ్మిదేళ్ళు. తెలిసినవాడు చెప్తే ఫైల్లో పెట్టేసే అలవాటు మనకు స్వాతంత్ర్యం వచ్చాక మొదలైంది కాదన్నమాట. ఇవాళ తుపాన్లకు పేర్లు పెట్టడానికి 13 దేశాలు కూర్చుని 169 పేర్ల జాబితా తయారుచేశాయి. పేర్లు ముద్దుగానే ఉంటాయి. తుపాను వచ్చినప్పుడల్లా ఆ పేరుకు అర్థమేమిటో మీరూ బాక్సు కట్టి వేస్తారు. అసలు 'సైక్లోన్' అన్న పేరు ఎక్కడిదో ఎప్పుడైనా బాక్సు కట్టారా?

ఇంతా చేసి కోరంగి పేరు సముద్రం దాటి బర్మాలో బతికింది. రంగూన్‌ను మనవాళ్ళు 'రంగం' అనేవారు, అక్కడివాళ్ళు మనల్ని 'కోరంగీలు' అనేవారు. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, విశాఖ నుంచి వెళ్ళినా కోరంగీయే. కూలీలను కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి ఓడ ఎక్కించేవాడు. రేవులో బస్తాలు దించిందీ, రిక్షాలు లాగిందీ ఎక్కువగా వాళ్ళే. 1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళను పనిలోకి తెచ్చాయి. తర్వాత రాజీ కుదిరి, మే 26న మనవాళ్ళు పనిలోకి వెళ్ళేసరికి అప్పటిదాకా చేసినవాళ్ళను పొమ్మన్నారు. అక్కడ మొదలైన గొడవ రంగూన్ వీధుల్లోకి పాకింది, వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది మన కూలీలే. రెండు వైపులా పేదవాళ్ళే, కొట్టుకున్నదీ వాళ్ళే, చచ్చిందీ వాళ్ళే. ఇది తెలియని చరిత్ర కాదా?

మా నాయనమ్మ తమ్ముడు పదహారేళ్ళకి రంగం వెళ్ళాడు. నలుపు, ఎరుపు లక్క పూసిన గుండ్రటి తాంబూలం పెట్టె ఒకటి ఊరివాళ్ళ చేతికిచ్చి అక్కకి పంపాడు. లోపల రెండు అరలు, పై అర తీస్తే అడుగున ఇప్పటికీ వక్కల వాసన వస్తుంది. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది మనవాళ్ళు కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన బయల్దేరారు. దారిలో వేలమంది పోయారు. ఆయన బయల్దేరాడో లేదో కూడా మాకు కబురు రాలేదు. నాయనమ్మ పోయేదాకా ఆ పెట్టెను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

అదే శీర్షికలో మరుసటి వారం యానాం పెళ్ళిళ్ళను 'ఎవరికీ తెలియని వింత' అన్నారు. ఎవరికండీ తెలియనిది? 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి బాల్యవివాహాలు నేరమయ్యాక, ఫ్రెంచివాళ్ళ యానాంలో ఆ చట్టం లేదని బళ్ళు కట్టుకుని వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చిన సంగతి ఈ జిల్లాలో ముసలివాళ్ళందరికీ తెలుసు. హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకి తెలియకపోతే అది 'తెలియని చరిత్ర' అయిపోదు.

అధికారుల గురించి ఎక్కువ చెప్పను, చెప్తే ఉత్తరం ముగియదు. రాష్ట్రంలో ఏ పాత రేవుకి వెళ్ళినా, ఏ కోటకి వెళ్ళినా ఎర్ర గుండె బొమ్మతో 'ఐ లవ్' బోర్డు మాత్రం తప్పకుండా ఉంటుంది. ఇక్కడ ఏం జరిగిందో చెప్పే నాలుగు తెలుగు వాక్యాలు కావాలంటే పక్కన టీ కొట్టువాణ్ణి అడగాలి. ఒకచోట నేను ఉండబట్టలేక సంబంధిత ఆఫీసుకి వెళ్ళి అడిగితే, "మాస్టారూ, మీరే రాసివ్వండి, చూద్దాం" అన్నారు. రెండు పేజీలు రాసిచ్చాను. నాలుగేళ్ళయింది, ఇంకా చూస్తున్నారు కాబోలు. కిందటి సంక్రాంతి సెలవుల్లో కోరంగి మడ అడవిలో చెక్కవంతెన మీద నడుస్తుంటే మా మనవడు అడిగాడు, "తాతయ్యా, ఓడలు ఎక్కడ ఆగేవి?" అని. చుట్టూ బురద, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్ళు. చేత్తో నదివైపు చూపించి ఏదో చెప్పాను. వాడు ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

మీరు 'చింతిస్తున్నాం' అని వేయక్కర్లేదు. 1839 అన్నచోట 1789 డిసెంబరు అని చదువుకోవాలని, మూడో పేజీలో రాశిఫలాల పక్కనైనా ఒక్క ముక్క వేయండి. ఆ పేజీ పిల్లలు కత్తిరించి ప్రాజెక్టు పుస్తకాల్లో అంటిస్తారు. అంటించేసే ఉంటారు ఈపాటికి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
కాకినాడ