ఆంజి వంతెన మరమ్మతుల చరిత్రనూ చూపించండి

చైనా జాతీయ సాంస్కృతిక వారసత్వ శాఖ అధిపతి గారికి,

నమస్కారం. హెబెయి ప్రావిన్సులోని జావ్ కౌంటీలో లీ చున్ కట్టిన ఆంజి వంతెన గురించి ఈ ఉత్తరం. నేను సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాను. ఆర్చీల పాఠం వచ్చినప్పుడల్లా ఈ వంతెన దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

స్వీ రాజుల కాలంలో, 605 ప్రాంతంలో ఇది పూర్తయింది. స్పాన్, అంటే ఆర్చి రెండు కొసల మధ్య దూరం, 37 మీటర్లు. అర్ధవృత్తంగా కడితే ఆర్చి 18.5 మీటర్ల ఎత్తు లేస్తుంది, అంత ఎత్తుకు బళ్లు ఎక్కలేవు. లీ చున్ వృత్తంలో చిన్న ముక్కనే తీసుకుని ఎత్తును 7 మీటర్ల చిల్లరకు దించాడు. అలా దించితే ఆర్చి ఒడ్డులను పక్కకు నెట్టే బలం పెరుగుతుంది. అందుకే పెద్ద ఆర్చికీ పైదారికీ మధ్య, రెండు పక్కలా ఉండే భుజాల్లో రెండేసి చిన్న ఆర్చీలు తెరిచాడు. బరువు తగ్గింది, వరదకూ దారి దొరికింది.

నాకు ఇంకా ముచ్చటేసేది ఆర్చి అడుగు భాగం. పక్కపక్కనే నిలబెట్టిన 28 రాతి వలయాలవి. దేని బరువు అదే మోసుకుంటుంది, ఒకటి పాడైతే దాన్నే విప్పి కట్టుకోవచ్చు. చిక్కల్లా అంచు వలయాలతోనే, అవి బయటికి ఒరుగుతాయి. అందుకని వంతెనను ఒడ్డుల దగ్గర వెడల్పుగా, ఆర్చి నడినెత్తిన కాస్త తక్కువ వెడల్పుతో కట్టి, వలయాలు లోపలికి వాలేలా చేశాడు. అడ్డంగా ఇనుప కడ్డీలు వేశాడు. పక్కపక్క రాళ్లలో గాడి తొలిచి, కొసలు వెడల్పుగా నడుము సన్నగా ఉన్న ఇనుప బిళ్లలు బిగించాడు.

ఇంత చేసినా శతాబ్దాలు గడిచేసరికి అంచు వలయాలు కొన్ని కూలాయి. మిగతావి నిలబడ్డాయి. 1933లో చైనా వాస్తుశిల్ప చరిత్రకారుడు లియాంగ్ సిచెంగ్ కొలతలు తీశారు, 1950ల్లో పెద్ద మరమ్మతు జరిగింది. నది అడుగున పూడిపోయిన పాత చెక్కడపు పిట్టగోడ రాళ్లు అప్పుడే బయటపడ్డాయి. 1966 షింగ్‌తాయ్ భూకంపాన్నీ వంతెన తట్టుకుంది.

"1400 ఏళ్లుగా చెక్కుచెదరలేదు" అని రాసేవాళ్లు లీ చున్‌కు అన్యాయం చేస్తున్నారని నా అభిప్రాయం. కొంత కూలినా మొత్తం కూలకుండా, మళ్లీ బాగుచేసుకోగలిగేలా కట్టడమే ఆయన గొప్పతనం.

అందుకే నా విన్నపం. 28 వలయాల్లో ఏది ఏ కాలపుదో తెలిపే పటం వంతెన దగ్గర అందరికీ కనబడేలా ఉంచండి. మరమ్మతుల డ్రాయింగులు, కొత్తగా వేసిన రాళ్ల వివరాలు, ఇప్పటిదాకా తీసిన కొలతలు ఇంగ్లీషు వివరణతో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టించండి. అవి చేతికొస్తే మా పిల్లలు ఫోటో చూసి ఊరుకోరు, వలయం వలయానికీ లెక్క కడతారు.

భవదీయుడు,
ఒక సివిల్ ఇంజనీరింగ్ అధ్యాపకుడు