ముందు సీపీఆర్, తర్వాతే ఇంజెక్షన్

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో అలిపిరి నడకదారి వార్తకు ‘ఇంజెక్షన్ లేక ఆగిన గుండె’ అని శీర్షిక పెట్టారు. ఆ ఇంజెక్షనేదో ఉండుంటే మనిషి బతికేవాడని చదివినవాళ్లంతా నమ్ముతున్నారు. గుండె ఆగినవాళ్లకు మొదట కావలసింది సీపీఆర్, అంటే ఛాతీ మీద నొక్కడం: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు. ఆ వెంటనే ఏఈడీతో, అంటే గుండెకు కరెంటు షాక్ ఇచ్చే చిన్న యంత్రంతో, షాక్. మందుల వంతు తర్వాత వస్తుంది.

పోనీ, మందుల సంగతైనా సరిగా రాశారా? అట్రోపిన్ లేదని వాపోయారు. గుండె పూర్తిగా నిలిచిపోయినప్పుడు అట్రోపిన్ ఇచ్చే పద్ధతిని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనే తీసేసింది. ఇవ్వాల్సింది అడ్రినలిన్, 1 మిల్లీగ్రాము, 3 నుంచి 5 నిమిషాలకోసారి. గుండె లయ (కొట్టుకునే తీరు) షాక్ పనికిరానిదైతే నరం దొరికిన వెంటనే ఇవ్వాలి. షాక్‌కు లొంగే లయలో ముందు షాకులే. మూడో షాక్‌కూ దారికి రాకపోతే లయను సరిచేసే మందు అమియోడరోన్ 300 మిల్లీగ్రాములు, అవసరమైతే మళ్లీ 150. మన దగ్గర ఒక్కో ఆంప్యూల్‌లో (మందుండే చిన్న గాజు బుడ్డిలో) ఉండేది 150, కాబట్టి మొదటిసారి రెండు విరవాలి. ఒక్కటే ఎక్కిస్తే సగం మోతాదే. చేతి నరంలో ఏ మందు ఇచ్చినా వెనకే 20 మిల్లీలీటర్ల సెలైన్ తోసి చెయ్యి పైకెత్తాలి, లేకపోతే మందు గుండె దాకా త్వరగా చేరదు. అదే గొట్టంలో బైకార్బొనేట్ అనే మరో మందు పోస్తే అడ్రినలిన్ పనిచేయదు. కాల్షియం, బైకార్బొనేట్ కలిస్తే తెల్లగా గడ్డకట్టి గొట్టం పూడుకుపోతుంది.

ఇంత చేసినా అడ్రినలిన్ సంజీవని కాదు. 2018లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో 8 వేల మందికి పైగా రోగులను చూశారు. నెల తర్వాత బతికున్నవాళ్లు అడ్రినలిన్ ఇచ్చినవాళ్లలో 3.2 శాతం, ఉత్త సెలైన్ ఇచ్చినవాళ్లలో 2.4 శాతం. బతికినవాళ్లలో మెదడు బాగా దెబ్బతిన్నవాళ్లు అడ్రినలిన్ వైపే ఎక్కువ.

అధికారులదీ ఇదే తీరు. ఎవరైనా పోతే తప్ప మందుల పెట్టె తెరవరు. తెరిచినా సీసాలు లెక్కపెట్టి సంతకం పెడతారు. మన మే నెల ఎండలో, వెలుతురు తగిలేచోట పడి ఉన్న అడ్రినలిన్ రంగు మారిందా అని ఎత్తి చూసేవాళ్లేరీ? గోధుమ రంగుకు తిరిగితే పారేయాల్సిందే.

3,550 మెట్ల దారి అది. 108 బండి మెట్లెక్కి రాదు. పక్కనున్న దుకాణాల వాళ్లకు, కాపలా సిబ్బందికి సీపీఆర్ నేర్పారా? ఏఈడీ బ్యాటరీ చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? మీ విలేకరి అడగాల్సినవి ఇవి. ఆ శీర్షికకు సవరణ కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక పాఠకుడు, తిరుపతి