సీసం గుండుకు రసీదు ఇస్తారా?

సంపాదకుల వారికి నమస్కారం.

మాది దామలచెరువు దగ్గర పల్లె. మొన్న వాన పడ్డాక చెనక్కాయల కోసం చేను దున్నించి పెట్టుకుంటే ఇద్దరు పిల్లోళ్లు బైకు మీద దిగారు. చేతుల్లో కర్రకు పళ్లెం తగిలించినట్టున్న మిషన్, నేలలో లోహం ఉంటే మోగే మెటల్ డిటెక్టరట, చెవులకు హెడ్‌ఫోన్లు. 'పెద్దాయనా, రెండు గంటలు మీ కయ్యల్లో తిరుగుతాం, గుంత తీస్తే మళ్లీ పూడ్చేస్తాం' అన్నారు. లంకెబిందెల బాపతేమోనని ముందు అనుమానమొచ్చింది, కానీ నిమ్మకాయల్లేవు, అంజనాల్లేవు, పైగా పట్టపగలు వచ్చి అడుగుతున్నారు, సరే తిరగండి అన్నాను. అమెరికాలో పొలం వాళ్లను అడిగి దున్నిన చేలల్లో ఇలాగే వెతుకుతారని, ఇంగ్లీషోళ్ల కాలం నాటి చొక్కా గుండీలు, తుపాకీ గుండ్లు, స్పెయిన్ వెండి నాణేలు దొరుకుతాయని ఫోన్‌లో వీడియోలు కూడా చూపించారు.

మా చేలో ఏం దొరికాయంటే బీరు సీసాల మూతలు, ట్రాక్టరు బోల్టు, ఎద్దుల లాడాలు నాలుగు. అవి పోగా 1835 అని ముద్ర ఉన్న ఈస్టిండియా కంపెనీ రాగి పావు అణా ఒకటి, బొటనవేలి గోరంత సీసం గుండ్లు రెండు. పావు అణా, ఒక గుండు వాళ్లు తీసుకున్నారు. రెండో గుండు నాకిచ్చి దండం పెట్టి వెళ్లిపోయారు. మంచి పిల్లలే. గుంతలు నిజంగానే పూడ్చారు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, దాని గురించే ఈ ఉత్తరం.

మా ఊరి కనుమ అలాంటిలాంటి చోటు కాదు. 1740 మే నెలలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ రఘోజీ భోంస్లే మరాఠా సేన మీదికి వచ్చి ఇక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత అదే ఆర్కాటు నవాబు గద్దె కోసం జరిగిన తన్నులాటలో ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు చెరో పక్కా చేరారు, అది ఎక్కడిదాకా పోయిందో అందరికీ తెలుసు. హైదర్ అలీ 1782 డిసెంబరులో కన్నుమూసింది కూడా చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గర విడిదిలోనే. 1801లో ఈ సీమంతా కంపెనీ చేతికి పోయింది, తిరుమల కొండ గుడి లెక్కలు కూడా 1843 దాకా వాళ్లే చూశారు. మరి అలాంటి నేలలో సీసం గుండ్లు, రాగి డబ్బులు దొరకడంలో వింతేముంది. మా అబ్బ కాలంలో నాగటి చాలులో నాణెం పైకొస్తే పాత సామాన్లవాడికి వేసేవాళ్లు, చిల్లు కాణీ అయితే చంటిపిల్లల మొలతాడుకు కట్టేవాళ్లు. గుండ్లు దొరికితే కరిగించి చేపల వలకు బరువులు చేసుకున్నాం, నేనూ చేశాను, దాచుకోవడమెందుకు.

ఇప్పుడు నా చేతిలో ఉన్న గుండు సంగతి. అది యుద్ధం నాటిదా, పందుల వేటకు పోయినవాడి నాటు తుపాకీదా అన్నది గుండును ఎంత తిప్పి చూసినా తేలదు. అది ఏ చోట పడుంది, దాని చుట్టూ ఇంకెన్ని ఉన్నాయి, ఏ వైపు వరసగా ఉన్నాయి అన్నదే చెప్పాలి. అమెరికాలోనే మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ అని 1876లో యుద్ధం జరిగిన మైదానం ఉంది. 1983లో అక్కడ గడ్డి తగలబడితే, మరుసటి ఏడాది పురావస్తువాళ్లు ఇవే మిషన్లతో వరసలుగా నడిచి, మోగిన ప్రతిచోటా చిన్న జెండా గుచ్చి, కొలత రాసుకున్నాకే తవ్వారు. తూటా గొట్టాల మీద తుపాకీ లోపలి సూది కొట్టిన గుర్తులను పోల్చి ఫలానా తుపాకీ ఇక్కడి నుంచి అక్కడికి కదిలిందని కూడా చెప్పగలిగారు. అంటే మిషన్‌లో తప్పు లేదు. మా పిల్లోళ్లు ఆ పావు అణాను జేబులో వేసుకున్న క్షణానికి అది నా చేలోది కాకుండా పోయింది, ఏ షాపులోనైనా రెండు మూడొందలకు దొరికే రాగి బిళ్ల అయిపోయింది.

అయినా ఆ పిల్లలనే తిట్టి లాభం లేదు, ఎందుకంటే నేనే ఆ గుండు పట్టుకుని ఒక ఆఫీసుకు పోయాను. బల్ల వెనకాయన దాన్ని అటూ ఇటూ దొర్లించి, 'ఇంకా ఏమైనా దొరికిందా, బంగారం ఉందా' అని మూడుసార్లు అడిగాడు, లేదంటే 'మీకెందుకు సార్ ఈ టెన్షన్, ఎక్కడో పారేయండి' అన్నాడు. బంగారమైతే దొంగను చేస్తారు, సీసమైతే పిచ్చోణ్ణి చేస్తారు.

చట్టం లేక కాదు. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. నేలలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే ఏమిటి, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అని కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆనాటి పది రూపాయలు కాబోలు, ఇప్పుడు బస్టాండులో టీకి సరిపోతే గొప్ప. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు. అదే చట్టంలో, అది ఎవరిదీ కాదని తేలితే, ముందే వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముప్పాతిక, భూమి సొంతదారుకు పాతిక అని కూడా ఉంది. సర్కారు తీసుకోవాలనుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. జైలు సంగతి ఊరందరికీ తెలుసు, ముప్పాతిక సంగతి మా పల్లెలో ఎవరికీ తెలియదు, నాకూ మొన్నే తెలిసింది.

తెలియకపోతే ఆ ఖాళీలోకి ఎవరొస్తారో మన జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆంజనేయుడి బొమ్మ, వెనక ఈస్టిండియా కంపెనీ 1818 అని ఉన్న బిళ్ల చూపించి, ఇది బియ్యాన్ని లాగుతుంది, కోట్లు పలుకుతుంది అని రైస్ పుల్లింగ్ ముఠాలు ఎంతమందిని ముంచాయి! కంపెనీ అలాంటి బొమ్మతో నాణెం ఎప్పుడూ కొట్టలేదు, అవన్నీ తర్వాత ఎవరెవరో పోసిన బిళ్లలు. కంపెనీ అసలు కొట్టినవాటిలో మద్రాసు పావు వరహా ఉంది, వెండిది, ఒకవైపు గుడి గోపురం, మరోవైపు విష్ణుమూర్తి, తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. ఇది పది మందికి చూపిస్తే ఆ మోసం సగం ఆగుతుంది. చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలాంటి చోట అసలుదీ నకిలీదీ పక్కపక్కన పెడితే మా పల్లెవాళ్లు బస్సెక్కి పోయి చూస్తారు.

ఇంగ్లండ్‌లో 1997 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. పొలంలో దొరికింది తీసుకుపోయి చూపిస్తే ఫొటో తీసి, ఎక్కడిదో రాసుకుని, నిధి కిందికి రానిదైతే తిరిగి చేతిలో పెట్టేస్తారు. అలా నమోదైన వస్తువులు ఇప్పటికే 15 లక్షలు దాటాయి. మనకు అంత అక్కర్లేదు. గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లు ఉన్నారు, భూముల రీసర్వే కోసం చోటు కొలిచే జీపీఎస్ రోవర్లు తెచ్చారు, గట్టు జానెడు జరిగితే పట్టుకునే మిషన్‌కు గుండు పడున్న చోటు రాసుకోవడం ఎంతసేపు? ఒక ఫొటో, ఒక సర్వే నంబరు, ఒక రసీదు. దుక్కిలో దొరికింది తెచ్చినవాడి మీద కేసు ఉండదని కలెక్టరు గారు ఒక ప్రకటన ఇచ్చి, ఆ ముప్పాతిక పాతిక లెక్క కూడా దాని కిందే అచ్చు వేయించాలి. మిషన్ పట్టుకుని తిరిగేవాళ్లకు మాత్రం పర్మిషన్ లేకుండా అడుగు పెట్టనివ్వొద్దు, కోటలు, పాత గుళ్ల చుట్టుపక్కలైతే అసలే వద్దు. రాత్రిపూట నందుల కింద తవ్వేవాళ్లను పోలీసులు చూసుకుంటారు, వాళ్లకూ నాకూ ఒకే చూపు వద్దంటున్నాను, అంతే.

నా గుండు బిస్కెట్ డబ్బాలో ఉంది. దొరికిన చోట, చింతచెట్టుకు పడమరగా పదహారు అడుగుల దూరంలో, కానుగ పుల్ల ఒకటి గుచ్చి పెట్టాను. వచ్చే వారం విత్తనం వేస్తాం, ఆ పుల్ల ఉండేది అప్పటిదాకానే.

ఇట్లు,
ఓ రైతు,
దామలచెరువు