లెక్కల పుస్తకంలో ఒక లెక్క

తల్లిదండ్రులందరికీ నమస్కారం,

పరీక్షల డేట్లు వెనక పేజీలో ఇచ్చాం, ఈ పేజీ మాత్రం వేరే విషయానికి వాడుకుంటున్నా. పోయిన వారం ఒక పేరెంట్ వచ్చి మర్యాదగానే అడిగారు, మేడం ఆ వీల్‌చైర్ బాబుని వేరే సెక్షన్‌కి మార్చకూడదా, టీచర్ టైమంతా అతనికే పోతోంది, మిగతా 35 మంది పిల్లలు నష్టపోతున్నారు కదా అని. మార్చనని చెప్పా. ఎందుకో మాత్రం ఆ నిమిషంలో సరిగ్గా చెప్పలేకపోయా.

తొమ్మిదో క్లాసు వాళ్లకి ఇప్పుడు సోషల్‌లో హిట్లర్ పాఠం నడుస్తోంది. యూదుల సంగతి పిల్లలకి తెలుసు, కానీ జర్మనీలో వికలాంగుల్ని, మానసిక రోగుల్ని కూడా చంపారంటే నమ్మలేకపోయారు. అప్పట్లో అక్కడి బడిపిల్లల లెక్కల పుస్తకంలో ఉన్న ఒక లెక్క బోర్డు మీద రాశాను: పిచ్చాసుపత్రి కట్టడానికి 60 లక్షల మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు) అయితే, ఆ డబ్బుతో ఒక్కోటి 15,000 చొప్పున ఎన్ని ఇళ్లు కట్టొచ్చు? 400 అని మావాళ్లు టక్కున చెప్పేశారు, చెప్పాక ఆ లెక్క ఎందుకిచ్చారో అర్థమై క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

1933లోనే చట్టం చేసి దాదాపు 4 లక్షల మందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. 1940 జనవరి నుంచి 1941 ఆగస్టు దాకా ఆరు చోట్ల గ్యాస్‌తో 70,273 మందిని చంపారు. ఇంత కచ్చితమైన అంకె ఎలా తెలుసంటే, లెక్క రాసుకున్నది వాళ్లే, యుద్ధం అయ్యాక ఆస్ట్రియాలో హార్ట్‌హైమ్ కోటలో ఆ కాగితాలు దొరికాయి, ఇంతమంది పోయారు కాబట్టి పదేళ్లలో రొట్టె ఎంత, బంగాళాదుంపలు ఎంత, జామ్ ఎంత మిగులుతుందో కూడా కట్టి పెట్టుకున్నారు. ఇళ్లకేమో జబ్బు చేసి చనిపోయారని ఉత్తరాలు పంపేవాళ్లు, అపెండిక్స్ ఎప్పుడో తీయించుకున్న మనిషి అపెండిక్స్‌తో పోయాడని వస్తే అమ్మానాన్నలకి తెలియదా. బిషప్ ఫాన్ గాలెన్ చర్చిలో ఈ హత్యల మీద బహిరంగంగా మాట్లాడాక 1941 ఆగస్టులో గ్యాస్ ఆపారు, ఆసుపత్రుల్లో ఆకలితో, ఇంజెక్షన్లతో చంపడం మాత్రం యుద్ధం అయ్యేదాకా సాగింది.

నన్ను ఇప్పటికీ వదలనిది హడామార్ ఊరి పిల్లల సంగతి. ఆ ఆరు చోట్లలో ఒకటైన ఆ ఊరి ఆసుపత్రికి బస్సుల్లో మనుషుల్ని తెచ్చేవాళ్లు, చిమ్నీలోంచి పొగ వచ్చేది, బడిపిల్లలు కొట్లాడుకుంటే నీకు పిచ్చి, నిన్నూ హడామార్ పొయ్యిలో పెడతారు అని తిట్టుకునేవాళ్లని అప్పటి బిషప్ ఒకాయన ప్రభుత్వానికి ఉత్తరం రాశారు. పెద్దవాళ్లు ఇంట్లో గుసగుసగా అనుకున్న మాటే పిల్లల నోట్లో తిట్టయింది.

అప్పట్లో అక్కడ అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారని కాదు. బెర్లిన్‌లో ఒట్టో వైట్ అని ఆయన, చూపు దాదాపు పోయిన మనిషి, అంధులు, బధిరులైన యూదులతో బ్రష్‌లు చేయించే వర్క్‌షాప్ నడిపాడు, పోలీసులు వాళ్లని పట్టుకుపోతే వెళ్లి లంచాలిచ్చి వెనక్కి తెచ్చుకున్నాడు, ఒక కుటుంబాన్ని బీరువా వెనక కిటికీ లేని గదిలో దాచాడు. ఆఖరికి అందరినీ కాపాడలేకపోయాడు. డొరొథియా బుక్ అనే అమ్మాయికి 1936లో, 19 ఏళ్లకే ఆ ఆపరేషన్ చేశారు. కిండర్‌గార్టెన్ టీచర్ అవ్వాలని ఆమె కోరిక, ఆపరేషన్ అయినవాళ్లు ఆ పని చేయకూడదన్నారు. ఆమె శిల్పి అయ్యింది, మానసిక రోగుల హక్కుల కోసం పోరాడుతూనే 102 ఏళ్లు బతికి 2019లో కన్నుమూసింది. టీచర్ని కాబట్టేమో, ఈమె కథ చెప్పేటప్పుడు నా గొంతు పూడుకుపోయింది.

మన స్కూల్ హడామార్ అని నేను అనట్లేదు, ఆ పేరెంట్‌కి చెడు ఉద్దేశం ఉందనీ అనట్లేదు, వాళ్ల పాప చదువు మీద బెంగ నాకు అర్థమవుతుంది. కానీ ఒక బాబు వల్ల 35 మందికి ఎంత నష్టం అనే లెక్క నా స్కూల్లో వేయను. మన దేశపు 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా వికలాంగ పిల్లల్ని అందరితో కలిపే చదివించాలంటోంది. టీచర్ టైమ్ చాలట్లేదన్నది నిజమే, అది తీర్చాల్సింది నేను, ఆ క్లాసుకి వచ్చే సోమవారం నుంచి ఇంకో టీచర్ ఉంటారు.

ఇంకోటి, మా కారిడార్లో రోజూ వినిపించే మాటలు కుంటోడు, నత్తోడు, చెవిటిమేళం, మెంటల్. ఇవి పిల్లలు బడిలో నేర్చుకున్నవి కావు. టీవీ చూస్తూనో ఫోన్లోనో మనమే అనేస్తుంటాం, నేనూ అన్నదాన్నే, మానుకోడానికి చాలా కాలం పట్టింది. ఇంట్లో ఒకసారి గమనించండి.

ఆ బాబు క్లాసుని మొదటి అంతస్తు నుంచి కిందికి మార్చేశాం, లైబ్రరీకి ర్యాంప్ పని ఈ వారమే మొదలవుతుంది కాబట్టి శనివారం మీటింగ్‌కి వెనక గేటు నుంచి రండి.

మీ హెడ్ మిస్ట్రెస్