మీ మామగారి తుపాకి గురించి

హనుమకొండ

బిడ్డా,

మీ మామగారు పోయాక ఆయన రెండు గొట్టాల పాత తుపాకి ఎవరికి దక్కాలని నువ్వడిగిన దాంట్లో రెండు తగవులు కలిసిపోయినయి. తుపాకి ఎవరిది అన్నది ఒకటి. ఎవరి దగ్గర ఉండొచ్చు అన్నది ఇంకొకటి. లైసెన్స్ ఈ రెండోదానికే జవాబు చెప్తుంది. రేపు మీ బావగారి పేరు మీద లైసెన్స్ వచ్చినా అది ఆయన ఒక్కడి సొత్తు కాదు. వాటా ఉంది కదా అని మీ ఆడబిడ్డ దాన్ని ఇంటికి తీసుకుపోవడానికీ లేదు.

మామగారు పోయిన రోజే ఆయన లైసెన్స్ కూడా పోయింది. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. వాటాలు తేలేదాకా బీరువాలో ఉండనీ అంటున్నారట, అదే పెద్ద తప్పు. ముందు స్టేషన్‌లో కాగితం రాసిచ్చి, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే కదిలించాలి. తెలిసినవాళ్లతో గొట్టాలను కీలు దగ్గర కిందికి వంచి తెరిపించి, లోపల తూటాలు లేవని చూసిన తర్వాతే ఎవరైనా ముట్టుకోవాలి. నా మాట వింటే డీలర్ దగ్గరే పెట్టండి. స్టేషన్ గదిలో నూనె పెట్టేవాళ్లుండరు, ఒక్క వానాకాలానికే తుప్పు పట్టుద్ది. రసీదులో తయారీదారు పేరు, బోరు (గొట్టం లోపలి కొలత), సీరియల్ నంబర్, గొట్టాల పొడవు, ఇప్పుడున్న సొట్టలు, పగుళ్లు అన్నీ రాయించు. ‘పాత తుపాకి ఒకటి’ అని రాసిన రసీదు రేపు కోర్టులో ఎందుకూ పనికిరాదు. జమ చేసి మరిచిపోవద్దు కూడా. గడువులోపు వారసులు తీసుకోకపోతే, అమ్మకపోతే అది సర్కారు పాలవుతుంది.

‘వందేళ్లు దాటింది, లైసెన్స్ ఎందుకు’ అన్న మాట నమ్మొద్దు. 45వ సెక్షన్ మినహాయింపు పాతబడ్డదానికి ఉన్నా, అది బాగు చేసినా చేయకున్నా కాల్చడానికి పనికిరానిదైతేనే. మీది తూటా పడితే పేలేది. పల్లెల్లో ఉండే, గొట్టం మూతి నుంచి మందు కూరే బర్మార్ తుపాకులకు కూడా ఇదే లెక్క.

ఇక అసలు హక్కు. నిజాం బహుమతి అని ఒకరు, కొన్నదని ఒకరు అంటున్నారు కదా, ఆ మాటలు పక్కన పెట్టి ఇనుమును చూడండి. గొట్టాలు విడదీస్తే అడుగున చదునైన చోట, గొట్టాన్ని పరీక్షించి కొట్టిన చిన్న చిన్న ముద్రలుంటయి. అండాకారంలో ఇ, ఎల్, జి అక్షరాలుంటే అది బెల్జియంలోని లీజ్ పట్టణంలో పరీక్షించిన గొట్టం, పైన ఏ ఇంగ్లీషు పేరు చెక్కి ఉన్నా సరే. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ముద్రలతో పాటు ‘నాట్ ఫర్ బాల్’ అని ఉంటే, ఒంటి గుండు వేయొద్దని అర్థం. అది సుమారు 1875, 1887 మధ్యది. గొట్టాల మీద అలల్లాంటి గీతలు చూసి, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు చేసిన ఉక్కు అని మీ చిన్నమామ అంటున్నాడట. కోనసముద్రం ఉక్కు గొప్పదే, కానీ ఆ గీతలు వేరు. ఇనుప, ఉక్కు కడ్డీలు కలిపి మెలితిప్పి, చుట్టగా చుట్టి అతికించిన గొట్టం అది. పాతకాలపు నల్ల తుపాకిమందుకే (బ్లాక్ పౌడర్) చేసింది. ఇప్పటి తూటా వేస్తే చీలిపోతుంది.

సీరియల్ నంబర్ ట్రిగ్గర్ గార్డ్ మీద, గొట్టాల అడుగున, ముందు చెక్క లోపలి ఇనుము మీద ఒకటే ఉండాలి. ఒక్కచోట తేడా వచ్చినా రెండు తుపాకుల భాగాలు కలిపారేమోనని అనుమానించాలి, ధర అక్కడే పడిపోతుంది. నంబర్ కలిస్తే మామగారి లైసెన్స్ పుస్తకంలోని నంబర్‌తో పోల్చు. పేరున్న ఇంగ్లీషు కంపెనీదైతే, ఆ నంబర్ తుపాకి మొదట ఎవరికి అమ్మారో పాత లెడ్జర్లలో దొరకొచ్చు, ఉత్తరం రాసి అడగండి. ‘బహుమతి’ మాట నిలిచేదీ కూలేదీ అక్కడే. ఆ ముద్రల మీద మాత్రం గరుకు కాగితం, బ్రాసో పెట్టనీయకు. మెరిపిస్తే ముద్రలు అరిగిపోతయి, రుజువు కూడా వాటితోనే పోతుంది. పల్చటి నూనె తడిపిన నూలు గుడ్డ చాలు.

వీలునామా లేదన్నావు. మామగారు సొంతంగా కొన్నదైతే 1956 వారసత్వ చట్టం ప్రకారం మీ అత్తగారికి, కొడుకులకు, కూతురికి సమాన వాటాలు. తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ముందే తెచ్చుకోండి. ఒక్కరే తీసుకుని మిగతావాళ్లకు విలువ కట్టిచ్చేటట్టు కుటుంబ ఒప్పందం రాసుకుంటే మంచిది. అందులో ఆ సీరియల్ నంబర్ ఉండాలి. తర్వాత మిగతా వారసుల అభ్యంతరం లేదన్న కాగితాలతో కమిషనరేట్‌లో వారసుని లైసెన్స్‌కు పెట్టుకోవచ్చు. ఒప్పుకోకపోతే సివిల్ కోర్టే దిక్కు, హక్కు ఎవరిదో పోలీసులు తేల్చరు. బయటివాళ్లకు అమ్మాలంటే లైసెన్స్ ఉన్నవాళ్లకే, ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు గడిచాక. అమెరికాలో ఉన్న మీ మరిది తీసుకుపోతానంటే సాగనీయకు. వందేళ్లు దాటినదాన్ని దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం కింద నేరం.

సోమవారం మీ బావగారితో కలిసి స్టేషన్‌కు పోండి. రసీదు ఫొటో, గొట్టాల అడుగు ముద్రల ఫొటోలు పక్క నుంచి వెలుతురు పడేటట్టు తీసి పంపు, నేను చూస్తాను.

మీ నాయన