టెస్టర్ తమ్ముడికి థాంక్స్

2020 అక్టోబరు 13 నాటి కుండపోతకు సరూర్‌నగర్ చెరువు పొంగి మా కోదండరాంనగర్‌లోకి నీళ్లొచ్చిన సంగతి హైదరాబాద్‌లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అన్నం పొట్లాలు, పాలు, దుప్పట్లు తెచ్చినవాళ్లందరికీ దండం. కానీ ఒకతని గురించి విడిగా చెప్పాలి.

నీళ్లు తగ్గాక ఇల్లంతా బురద, భరించలేని డ్రైనేజీ వాసన. బురద ఎత్తడానికి వచ్చిన కుర్రాళ్లలో జేబులో టెస్టర్ ఉన్న అతనొకడు. మా అత్తయ్య, పాపం, మోటారు వేద్దామని మెయిన్ దగ్గరికి వెళ్తుంటే "అమ్మా, ముట్టకుండ్రి" అంటూ అడ్డం నిలబడ్డాడు. తర్వాత స్టూలేసుకుని ఒక్కో స్విచ్‌బోర్డూ విప్పాడు. లోపలంతా తడి మట్టి, ఒకదాంట్లో చిన్న నత్త కూడా! పాత టూత్‌బ్రష్‌తో మట్టి గీకి, పొడిగుడ్డతో తుడిచి, ఆరడానికి తెరిచే ఉంచాడు. ఏ బోర్డు స్క్రూలు ఆ బోర్డువే ఉండాలని వాటిని మా టీ కప్పుల్లో వేసి పక్కనే పెట్టాడు. అంత ఓపిక సొంతింట్లో కూడా ఎవరికుంటుంది! ఫ్రిజ్ ప్లగ్గుకు టేపు చుట్టి, పూర్తిగా ఆరేదాకా పెట్టొద్దని రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు మళ్లీ వచ్చి, అన్నీ చెక్ చేసి, ముందు వంటింటి లైటొక్కటే వేశాడు. డబ్బులివ్వబోతే "మా ఇంట్ల గూడ నీళ్లొచ్చినయ్ అక్కా" అన్నాడు. పేరు అడిగేలోపే పక్కింటివాళ్లు పిలుచుకుపోయారు.

తమ్ముడూ, ఇది నీ కంటపడితే ఒకసారి ఇంటికి రా. అత్తయ్య సకినాలు చేసి పెడతానంటోంది.