మెటల్ మ్యూజిక్‌కి కూడా కాస్త చోటివ్వండి

ఎడిటర్ గారికి, మీ సినిమా పేజీలో అప్పుడప్పుడైనా మెటల్ మ్యూజిక్ (గట్టి గిటార్లతో హోరెత్తే రాక్ సంగీతం) గురించి రాయండి సార్. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1989లో మొదలైన డార్క్ ట్రాంక్విలిటీ అనే మెటల్ బ్యాండ్ వాళ్లు 2024 ఆగస్టులో 'ఎండ్‌టైమ్ సిగ్నల్స్' అని 13వ ఆల్బమ్ తెచ్చారు, పాత డ్రమ్మర్, గిటారిస్టులు వెళ్లిపోయి కొత్తవాళ్లొచ్చినా సౌండ్ మాత్రం వాళ్లదే, ఆ గిటార్ మెలోడీ వెనకాల మార్టిన్ బ్రాండ్‌స్ట్రోమ్ కీబోర్డ్ వింటుంటే గుండె పట్టేస్తుంది. మెటల్ అంటే ఉత్త అరుపులే కదా అనేవాళ్లు ఇందులో 'వన్ ఆఫ్ అజ్ ఈజ్ గాన్' వినండి, 2022లో చనిపోయిన వాళ్ల పాత గిటారిస్ట్ ఫ్రెడ్రిక్ జోహాన్సన్ కోసం చేసిన పాట అది, అంత గట్టిగా అరిచే సింగర్ మైకేల్ స్టానె ఇక్కడ ఎంత మెత్తగా పాడాడో! నాకైతే ఆల్బమ్ మొత్తంలో అదే బెస్ట్. ఇలాంటివాటికి తెలుగులో మంచి రివ్యూ ఒక్కటి వేయండి, చదవడానికి మేమున్నాం.